ఇచ్చిన దుప్పటి పగలంతా ఎక్కడ పెట్టుకోవాలి?

మీరు అడిగింది రెండు ముక్కలు. క్రైస్తవులు ఇల్లూ వాకిలీ లేనివాళ్ళకీ పేదలకీ ఎందుకు సేవ చేయాలి, సువార్త చెప్పి ప్రార్థన చేస్తే సరిపోదా అనేది ఒకటి. పెట్టే అన్నం వెనక మతం మార్చే ఉద్దేశం ఉంటుందంటారు, అది ఎంతవరకు నిజం అనేది రెండోది. నేను పాస్టర్‌ని కాదు. సికింద్రాబాద్‌లో ఒక మామూలు చర్చి సంఘ సభ్యుణ్ణి, ఎలక్ట్రికల్ సామాన్ల షాపు నడుపుకుంటాను. ఏడేళ్ళుగా మా సంఘం నుంచి పదిమందిమి రైల్వే స్టేషన్ చుట్టుపక్కల ఫుట్‌పాత్‌ల మీద పడుకునేవాళ్ళ దగ్గరికి వెళ్తున్నాం. నాకు తెలిసిందంతా అక్కడ చేసిన తప్పుల్లోంచే తెలిసింది కాబట్టి వాటితోనే మొదలుపెడతాను.

మొదటి తప్పు దుప్పట్లు. స్త్రీల సమాజం వాళ్ళు చందాలు పోగుచేస్తే నేను బేగంబజార్ వెళ్ళి హోల్‌సేల్‌లో 80 దుప్పట్లు తెచ్చాను. క్రిస్మస్ ముందు శనివారం రాత్రి రేతిఫైల్ బస్టాండ్ వైపు పంచాం. ఫ్లెక్సీ కట్టాం, ఫొటోలు తీసుకున్నాం, ప్రతి దుప్పటి మడతలో ఒక కరపత్రం పెట్టాం. ప్రార్థన జరుగుతున్నంతసేపూ నిద్రలోంచి లేపిన మనుషులు చేతులు కట్టుకుని నిలబడ్డారు. రోజంతా కష్టపడి పడుకున్నవాళ్ళని ఫొటో కోసం లేపామన్నది ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. ఆ రోజు మాత్రం చాలా తృప్తిగా ఇంటికొచ్చి పడుకున్నాను.

వారం తిరక్కుండానే మా కుర్రాడొకడు ఫోన్ చేశాడు. "అన్నా, మన దుప్పట్లు మోండా మార్కెట్ దగ్గర అమ్ముతున్నారు." వెళ్ళి చూస్తే నిజమే. అవే ఆకుపచ్చ గళ్ళు.

ఒళ్ళు మండిపోయింది. అక్కడ పడుకునేవాళ్ళలో ఒక పెద్దాయన ఉన్నాడు, అందరం తాత అంటాం. పెళ్ళిళ్ళ క్యాటరింగ్ వాళ్ళ దగ్గర పెద్ద పెద్ద డేగిసాలు తోమే పని ఆయనది. నేరుగా వెళ్ళి "ఏం తాతా, మేమిచ్చిన దుప్పటేదీ?" అని నిలదీశాను. ఆయనకి కోపం రాలేదు. "పొద్దుగాల పనికి పోవాలె. గీ దుప్పటి యాడ పెట్టుకోవాలె బిడ్డా?" అన్నాడు.

నేను ఎప్పుడూ ఆలోచించని విషయం. పనిచేసే చోటికి మూట తెస్తే లోపలికి రానివ్వరు. ఫుట్‌పాత్ మీద వదిలేస్తే సాయంత్రానికి ఉండదు, చెత్త బండిలో పోతుంది. పక్కవాడికి అప్పజెప్తే వాడే ఉంటాడో ఉండడో. వాన పడిందంటే ఇక మోయలేనంత బరువు. అందుకని వందకో నూట యాభైకో అమ్మేస్తే రెండు మూడు పూటలు గడుస్తుంది. ఆ డబ్బుతో తాగినవాళ్ళు లేరా అంటే, ఉన్నారు. అది దాచిపెట్టి మీకు జవాబు రాయలేను.

ఆ ఆదివారం బైబిల్లో యాకోబు పత్రిక, అంటే యాకోబు రాసిన ఉత్తరం, రెండో అధ్యాయం మళ్ళీ తీసి చదువుకున్నాను. ఒంటి మీద బట్ట లేక, ఆనాటికి తిండి లేక ఉన్న సహోదరుడితో "చలి కాచుకొనుడి, తృప్తిపొందుడి" అని చెప్పి పంపేస్తే ఏం ప్రయోజనం అంటాడు యాకోబు. నేను వట్టి మాట చెప్పి పంపలేదు, దుప్పటి ఇచ్చాను. కానీ ఆ మనిషి రోజు ఎలా గడుస్తుందో అడక్కుండా ఇచ్చాను కాబట్టి అది కూడా వట్టి మాట దగ్గరే ఆగిపోయింది.

ఇప్పుడు మీ మొదటి ప్రశ్నకి వస్తాను. ఎందుకు చేయాలంటే మా సంఘాల్లో అందరూ మత్తయి సువార్త 25వ అధ్యాయంలో యేసు చెప్పిన మాట చెప్తారు: "నేను ఆకలిగొంటిని, మీరు నాకు భోజనము పెట్టితిరి." చిన్నప్పటినుంచీ ఇది విని నేను అనుకున్నదేమిటంటే, మనం యేసు తరఫున వెళ్ళి పెడుతున్నామని. వాక్యం మెల్లగా చదివితే అలా లేదు. అక్కడ ఆకలితో ఉన్నవాడే ఆయన. చెయ్యి చాపినవాడి వైపు ఆయన కూర్చుని ఉంటే, మనం ఆయన్ని సంచిలో పెట్టుకుని ఎక్కడికో తీసుకెళ్ళేదేముంది? పైగా ఆ కథలో పెట్టినవాళ్ళకీ, పెట్టనివాళ్ళకీ కూడా ఆ ఆకలిగొన్నవాడు ఎవరో తెలియదు. "ఎప్పుడు చూచి" అని రెండు పక్షాలూ అడుగుతాయి. నన్ను చాలా రోజులు నిద్రపోనివ్వని భాగం అది.

ఇంకోటి బైబిల్లోనే లేవీయకాండం 19లో ఉంది. కోత కోసేటప్పుడు పొలం అంచుల దాకా కోయొద్దు, రాలిన పరిగె ఏరుకోవద్దు, అది బీదలకీ పరదేశులకీ వదిలేయాలి అని. మా నాయనమ్మ ఊళ్ళో పరిగె ఏరుకున్న మనిషి కాబట్టి ఈ వాక్యం ఆవిడకి ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. పరిగె ఏరుకునేవాళ్ళని ఎవరూ వరసలో నిలబెట్టరు. ఫొటో తీయరు. వాళ్ళంతట వాళ్ళే పొలంలోకి దిగి, కావలసినంత ఏరుకుని పోతారు. బైబిల్లో రూతు అనే పేద విధవరాలు అలాగే బోయజు అనే ఆసామి పొలంలోకి వెళ్ళింది. అంటే పేదవాడి వంతు అనేది రైతు దయ చూపించి ఇచ్చేది కాదు, పొలంలో ముందే ఉన్నది. "బీదలు దేశములో ఉండక మానరు" అనే మాట పట్టుకుని, ఎంత చేసినా పేదరికం పోదు కదా అనేవాళ్ళు మా సంఘంలోనూ ఉన్నారు. ద్వితీయోపదేశకాండం 15లో ఆ మాట వెంటనే, అందుకే చెయ్యి చాపి ఇవ్వాలని ఉంటుంది. సగం వాక్యం చదివి ఆగిపోతే ఎలా?

నాయనమ్మ పేరెత్తాను కాబట్టి మీ రెండో ప్రశ్న ఇక్కడే చూద్దాం. మాది ఒంగోలు వైపు మాదిగ కుటుంబం. 1876–78లో వచ్చిన పెద్ద కరువుని మావైపు పెద్దవాళ్ళు ధాత కరువు అనేవాళ్ళు. అప్పుడు ఒంగోలులో జాన్ క్లౌ అనే అమెరికన్ బాప్టిస్టు మిషనరీ ఉండేవాడు. ఆయన ఊరికే గంజి పోసి ఊరుకోలేదు. బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ళు తవ్వే కాంట్రాక్టు తీసుకుని వచ్చినవాళ్ళకి పని ఇచ్చి, కూలి ఇచ్చాడు. మా నాయనమ్మ వాళ్ళ తాత ఆ కాలువ దగ్గర మట్టి తట్టలు మోశాడట. ఆ రోజుల్లో వేలమంది బాప్తిస్మం, అంటే నీళ్ళలో ముంచి క్రైస్తవుల్లో చేర్చుకునే సంస్కారం, ఇమ్మని అడిగితే, కరువు సాయం నడుస్తున్నన్నాళ్ళూ ఇవ్వనన్నాడు క్లౌ. తిండి కోసం మతంలో కలిశారనే మాట పడకూడదని. సాయం పనులు ఆపేశాకే, 1878 జూలై 3న, గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజు 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు.

అయినా "గంజి కోసం కలిసినోళ్ళు" అనే మాట మాకు తప్పలేదనుకోండి. బళ్ళో నేనూ పడ్డాను. అందుకే కరపత్రం మడతపెట్టి దుప్పటి ఇచ్చిన సంగతి గుర్తొస్తే మరీ బాధేస్తుంది. క్లౌ అంత జాగ్రత్తపడిన చోట నేను పడలేదు. అన్నం వెనక ఆ ఉద్దేశం పెట్టుకునేవాళ్ళు ఈ రోజుల్లోనూ ఉన్నారు, నాకు తెలిసినవాళ్ళలోనే ఉన్నారు. నా మట్టుకు నేను అది తప్పంటాను. ఆకలితో ఉన్నవాడు దేనికైనా తలూపుతాడు, ఆ తలూపడం విశ్వాసం కాదు. మా గుంపులో ఇప్పుడు కరపత్రాలు లేవు. ఎవరైనా అడిగితే చెప్తాం. తాత మెడలో ఎల్లమ్మ బిళ్ళ ఉంటుంది. ఏడేళ్ళలో దాని గురించి ఆయనా మాట్లాడలేదు, మేమూ మాట్లాడలేదు.

మనవాళ్ళలోనే ఇంతమంది పేదలుంటే బయటివాళ్ళకి ఎందుకని ఒకరు అడిగారు. నాలుగో శతాబ్దంలో రోమ్ చక్రవర్తి జూలియన్‌కి క్రైస్తవులంటే గిట్టేది కాదు. వీళ్ళు తమ పేదల్నే కాక మన పేదల్ని కూడా పోషిస్తున్నారని తన పూజారికి ఉత్తరం రాసి ఉడుక్కున్నాడు. మనల్ని చూసి ఎవరైనా అలా ఉడుక్కునేటట్టు ఉన్నామా అని అడిగాను. ఆయన నవ్వి ఊరుకున్నారు.

దుప్పట్ల తర్వాత కొన్ని సంగతులు మారాయి. ఆదివారాలు మానేసి మంగళవారం రాత్రి వెళ్తున్నాం. ఎందుకంటే ఆదివారం, పండగ రోజున పొట్లాలు పట్టుకుని అందరూ వస్తారు, కుక్కలకి వేసేంత మిగిలిపోతుంది. మంగళవారం ఎవరూ రారు. బిర్యానీ కూడా మానేశాం. పళ్ళు లేనివాళ్ళు, కడుపులో పుండున్నవాళ్ళు ఆ మసాలా తినలేరు. పెరుగన్నం, అరటిపండు, మంచినీళ్ళు. ఆడవాళ్ళు రాత్రి భయంతో నిద్రపోరు, పగలు కునుకు తీస్తారు. వాళ్ళ దగ్గరికి మధ్యాహ్నం మా ఆడవాళ్ళే వెళ్తారు.

అన్నిటికంటే నాకు కష్టమైంది కాళ్ళ పని. మా సంఘంలో ఒక స్టాఫ్ నర్స్ అక్క ఉంది, ఆవిడ మొదలుపెట్టించింది. చెప్పుల్లేక తిరిగి తిరిగి కాలిగోళ్ళు కొమ్ములా మందంగా పెరిగి వేలిలోకి వంకర తిరుగుతాయి. మామూలు నెయిల్ కట్టర్ నోరు దానికి పట్టదు. టీ కొట్టులో వేణ్ణీళ్ళు అడిగి, బకెట్‌లో పోసి, పావుగంట కాళ్ళు నాననిచ్చి, పటకారులాంటి కట్టర్‌తో కొంచెం కొంచెంగా తీయాలి. షుగర్ ఉంటే చర్మం తెగకుండా మరీ జాగ్రత్త. మొదటిసారి తాత కాలు చేతిలోకి తీసుకున్నప్పుడు ఆ వాసనకి కడుపులో తిప్పింది, మొహం పక్కకి తిప్పుకున్నాను. ఆయన చూశాడు. కాలు వెనక్కి తీసుకోబోయాడు. ఆ ఒక్క కదలిక నాకు ఇప్పటికీ కళ్ళ ముందు ఉంటుంది. యేసు శిష్యుల పాదాలు కడిగినదానికి గుర్తుగా ప్రతి ఏడూ పవిత్ర గురువారం నాడు మా గుళ్ళో పాదాలు కడిగే ఆరాధన చేస్తారు. పన్నెండు మంది సంఘపెద్దలు ఇంట్లో శుభ్రంగా కడుక్కుని, కొత్త సాక్సులు వేసుకుని వచ్చి కూర్చుంటారు. నేను కూడా ఓసారి అలాగే కూర్చున్నానులెండి.

ఇదంతా ప్రభుత్వం చేయాల్సిన పని కదా అంటారు. చేయాల్సిందే. 2011 జనాభా లెక్కల్లోనే దేశంలో ఇల్లు లేనివాళ్ళు 17.7 లక్షల మంది. పెద్ద నగరాల్లో లక్ష జనాభాకి ఒక నైట్ షెల్టర్ ఉండాలని సుప్రీంకోర్టు 2010లోనే చెప్పింది. షెల్టర్లు ఉన్నాయి కూడా. కానీ ఆడవాళ్ళకి ఒకటి, మగవాళ్ళకి ఒకటి అంటే భార్యాభర్తలు విడిపోవాలి. తోపుడు బండి ఉన్నవాడు బండి బయట వదలలేడు. కొందరికి అసలు షెల్టర్ ఎక్కడుందో తెలియదు. పక్కన నడిచి తీసుకెళ్ళి, మొదటి రాత్రి కాసేపు కూర్చునేవాళ్ళుంటే వెళ్తారు. తాతకి ఆధార్ కార్డు చేయించడానికి ఐదు నెలలు పట్టింది. పాతది పోయింది, నంబర్ గుర్తులేదు, అప్పుడిచ్చిన ఫోన్ ఎప్పుడో పోయింది. డేగిసాలు తోమీ తోమీ వేలిముద్రలు అరిగిపోయి మిషన్ పట్టలేదు. ఒకచోట "రేపు రండి" అని పదకొండుసార్లు తిప్పారు. ఒక్కోసారి వెళ్తే ఆయనకి ఒక పూట కూలి పోతుంది. ఆ కూలి సంఘం కానుకలోంచి ఇవ్వాలంటే కమిటీలో పెద్ద గొడవైంది, "అన్నదానం" అనే ఖాతా ఉంది గానీ దీనికి ఖాతా లేదని. చివరికి కార్డు వచ్చింది. పింఛను ఇంకా రాలేదు, తిరుగుతున్నాం.

దుప్పట్ల సంగతి చెప్పి ముగిస్తాను. మూడేళ్ళ కిందట సండే స్కూల్ గది వెనక ఉన్న చిన్న స్టోర్‌రూమ్ అడిగి తీసుకున్నాం. పొద్దున ఆరింటికి ఎవరి మూట వాళ్ళు తెచ్చి గోనెసంచిలో వేస్తారు. సంచి మీద పెయింట్‌తో నంబర్ ఉంటుంది. సాయంత్రం ఏడింటికి తీసుకెళ్తారు. కాగితాలు విడిగా ప్లాస్టిక్ కవర్లో పెట్టి ఇనప బీరువాలో ఉంచుతాం. పోయినేడాది చలికాలంలో మేం ఇచ్చినవాటిలో అమ్ముడుపోయినవి రెండే. ఇప్పుడు 23 సంచులున్నాయి, తాతది నాలుగో నంబరు. గదంతా వాసన వస్తోందని, పిల్లలు పాటలు నేర్చుకునే చోట ఇదేంటని సంఘపెద్ద ఒకాయన ప్రతి మీటింగ్‌లోనూ అడుగుతారు. ఫినాయిల్ డబ్బులు మాత్రం నెలనెలా ఆయనే ఇస్తారు.