ఉద్యోగం చేసుకుంటూ ఐదు రోజుల క్రికెట్ టెస్టుని ఎలా ఫాలో అవ్వాలి?

అయిదు రోజులూ టీవీకి అతుక్కోనక్కర్లేదండి. మాది విజయనగరం. మెల్‌బోర్న్ బాక్సింగ్ డే (డిసెంబరు 26) టెస్టు మనకి తెల్లవారి 5కే మొదలు. గంటస్తంభం దగ్గర టీ కొట్టులో పాలు పొంగేలోపు, ఫోన్లో తొలి ఓవర్లు చూసేస్తాను. ఇంగ్లండ్‌లో అయితే మధ్యాహ్నం 3:30కి. ఆఫీసయ్యాక కూడా రోజులోని మూడు సెషన్లలో (ఒక్కోటీ సుమారు రెండు గంటల ఆట) రెండు మిగులుతాయి.

80 ఓవర్లయ్యాక కొత్త బంతి తీసుకుంటే వికెట్లు పడే అవకాశం ఎక్కువ, ఆ అరగంట మాత్రం వదలకండి.

ఉత్త స్కోరు చూస్తే మోసపోతారు. 2021 సిడ్నీలో మన కాకినాడ కుర్రాడు విహారి 23 నాటౌట్, అంతే! కానీ తొడ కండరం పట్టేసినా 161 బంతులు కాచుకుని, అశ్విన్‌తో కలిసి మ్యాచ్ డ్రా చేశాడు. మా ఊరి రాజకుమారుడు విజ్జీ కూడా 1936లో ఇంగ్లండ్‌లో మన జట్టుకి కెప్టెన్సీ చేశాడు గానీ, ఆ సిరీస్ సంగతి అడక్కండి.