మీ బాబు బండి మలుపులో ఎందుకు ఆగిందో ముందు చూడండి

ప్రశ్న: మా బాబుకి 16 ఏళ్లు. ఏడాదిగా లెగో టెక్నిక్ ముక్కలతో, ట్యాంకుకి ఉండేలాంటి ట్రాకులు వేసి రిమోట్ బండి కడుతున్నాడు. దాన్ని ఎలాగైనా వేగంగా పరుగెత్తించాలని పట్టుదల. పోయిన నెల గేర్లు మార్చి, ఇక రెట్టింపు వేగం అన్నాడు. తీరా చూస్తే వేగం కొద్దిగానే పెరిగింది, మలుపు తిప్పితే ఆగిపోతోంది. మళ్లీ అంతా విప్పేశాడు. లెక్కల్లో మార్కులు తగ్గాయి. ఈ ఆసక్తి ఇంజినీరింగ్‌కి పనికొస్తుందా, లేక ఆటతో కాలం పోతోందా? చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: అమ్మా, మలుపులో బండి ఆగిపోయాక మీ బాబు ఏం చేశాడన్నది నాకు ముఖ్యం. పక్కన పడేయలేదు, విప్పి చూశాడు. అయితే ఎందుకు ఆగిందో కనుక్కున్నాడా, ఊరికే ముక్కలు మార్చి మళ్లీ కట్టాడా? మీ ప్రశ్నకు జవాబు అక్కడే ఉంది.

తను ఎదుర్కొన్న సమస్య మీకూ తెలిస్తే మంచిది. 24 పళ్ల గేరుతో 12 పళ్ల గేరును తిప్పితే వేగం రెట్టింపవుతుంది, కానీ తిప్పే బలం, అంటే టార్క్, సగమైపోతుంది. చక్రాల బండి అయితే దాన్ని కొంత తట్టుకుంటుంది. ట్రాకులో మాత్రం ప్రతి లింకూ స్ప్రాకెట్ (ట్రాకును తిప్పే పళ్ల చక్రం) దగ్గర వంగాలి, మళ్లీ తిన్నగా అవ్వాలి. ఆ వంపుల్లోనే చాలా బలం ఖర్చవుతుంది. ఇక మలుపు. ఈ బండికి పక్కకు తిరిగే ముందు చక్రాలు లేవు. ఒక ట్రాకు వేగంగా, ఒకటి నెమ్మదిగా తిరిగితేనే మళ్లుతుంది. అప్పుడు ట్రాకు మొత్తం నేల మీద అడ్డంగా రాసుకుంటూ జరగాలి. నేలకు తగిలే పొడవు ఎక్కువై, రెండు ట్రాకుల మధ్య దూరం తక్కువైతే ఇంకా కష్టం. సగమైన టార్క్ అక్కడ చాలలేదు, మోటార్ ఆగిపోయింది.

దీన్ని అంకెల్లో పెట్టమనండి. లెగో టెక్నిక్‌లో ‘ఎల్’ అనే మోటార్ 9 వోల్టుల దగ్గర, బరువేమీ లేనప్పుడు, నిమిషానికి సుమారు 390 చుట్లు తిరుగుతుంది. స్ప్రాకెట్ ఒక చుట్టుకి ట్రాకు 12 సెంటీమీటర్లు కదులుతుందనుకుంటే గంటకు 2.8 కిలోమీటర్లు. గేర్లతో రెట్టింపు చేస్తే కాగితం మీద 5.6. అంటే 10 మీటర్లు ఆరున్నర సెకన్లలో దాటాలి. స్టాప్‌వాచ్‌తో కొలిస్తే తొమ్మిది సెకన్లు వచ్చిందనుకోండి, మిగతా వేగం ఎక్కడ పోయింది? ట్రాకు మరీ బిగుతుగా ఉందా? ఇరుసు వంగి గేర్లు ఒకదాన్నొకటి నొక్కుతున్నాయా? ఆరు రీఛార్జ్ సెల్స్ వేశాడా? అవి ఒక్కోటి 1.2 వోల్టులే, మొత్తం 7.2. వేగంలో దాదాపు ఐదో వంతు అక్కడే పోతుంది. ఇలా ఒక్కో కారణాన్నీ వెతికి పట్టుకోవడమే మెకానికల్ ఇంజినీర్ రోజూ చేసే పని.

అందుకే లెక్కల్లో మార్కులు తగ్గడాన్ని నేను తేలిగ్గా తీసుకోను. ఇంజినీరింగ్ డిగ్రీలో చేతిపని కంటే లెక్కలే ఎక్కువ ఉంటాయి. బండి మానిపించడం దీనికి మందు కాదు. ఒక నోట్‌బుక్ ఇచ్చి ఒకే నియమం పెట్టండి: ఒకసారికి ఒక్క మార్పే చేయాలి, ముందు అంచనా రాయాలి, తర్వాత కొలిచింది రాయాలి, ఆ తర్వాతే విప్పాలి. రోజంతా విప్పి కట్టడం దానంతటదే తగ్గుతుంది. రెండేళ్లు నిజాయితీగా రాసిన అలాంటి నోట్‌బుక్, ప్రాజెక్టుల గురించి అడిగే ఏ కాలేజీ ఇంటర్వ్యూలోనైనా ధైర్యంగా చూపించదగ్గది.

ఏ బ్రాంచి అన్నది ఇప్పుడే తేల్చకండి, గమనించండి. గేర్లు, సస్పెన్షన్ దగ్గరే గంటలు గడిపితే మెకానికల్ లేదా ఆటోమొబైల్. రిమోట్ నొక్కగానే బండి కుదుపు లేకుండా కదలాలని తపన పడితే మెకట్రానిక్స్ (యంత్రాలు, ఎలక్ట్రానిక్స్ కలిసిన చదువు), ఎంబెడెడ్ సిస్టమ్స్ (యంత్రంలోనే ఉండి దాన్ని నడిపే చిన్న కంప్యూటర్ల చదువు). అలాగైతే ఆర్డ్యునో లాంటి చిన్న ఎలక్ట్రానిక్ బోర్డుతో మోటార్ నడపడం ఇప్పుడే మొదలుపెట్టవచ్చు. కట్టే ముందు బ్రిక్‌లింక్ స్టూడియో అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో బొమ్మ గీసుకుంటే క్యాడ్‌కి, అంటే కంప్యూటర్‌లో డిజైన్ గీయడానికి, తొలి అలవాటు అవుతుంది. చేతులతో చేయడం ఇష్టమే గానీ లెక్కలు ఎంత ప్రయత్నించినా పట్టుబడకపోతే, యంత్రాలు బిగించి పరీక్షించే టెక్నీషియన్ కోర్సులున్నాయి. వాటిని రెండో రకం దారిగా చూడకండి. మంచి టెస్ట్ టెక్నీషియన్ లేకపోతే ఇంజినీర్ గీసిన బొమ్మ కాగితం మీదే ఉండిపోతుంది.

ఈ ట్రాకు బండ్లు బొమ్మలకే పరిమితం కూడా కాదు. 1928లో వాల్టర్ క్రిస్టీ అనే అమెరికన్ ఇంజినీర్ కట్టిన ట్యాంకు ట్రాకుల మీదే గంటకు 60 కిలోమీటర్లకు పైగా పరుగెత్తింది. ఒక్క ఇంజన్ బలంతో కాదు, ప్రతి చక్రం బాగా పైకీ కిందికీ ఆడేలా ఆయన చేసిన సస్పెన్షన్ వల్ల కూడా. మీ బాబు బండి గతుకుల్లో ఎగురుతుంటే ఈ విషయం చెప్పండి, వెంటనే పట్టుకుంటాడు. 2011లో ఫుకుషిమా ప్రమాదం తర్వాత మనుషులు వెళ్లలేని రియాక్టర్ భవనాల్లోకి పంపిన ప్యాక్‌బాట్ రోబోలు కూడా ట్రాకుల మీదే నడిచాయి. తవ్వే యంత్రాలు, పంట కోసే యంత్రాలు, పైపుల్లో దూరి తనిఖీ చేసే రోబోలు, అన్నిటికీ ఇవే ప్రశ్నలు.

ఈ ఆదివారం నేల మీద 10 మీటర్లు గుర్తుపెట్టి, స్టాప్‌వాచ్ మీరు పట్టుకోండి. ఎన్ని సెకన్లు వస్తుందో బాబుని ముందే రాయమనండి. అంచనాకీ కొలతకీ తేడా వచ్చినప్పుడు తను మొదట ఏమంటాడో గుర్తుపెట్టుకుని నాకు మళ్లీ రాయండి. మిగతా సలహా అది చూసి చెప్తాను.