కీ ఇచ్చే వాచీ కట్టుకునేవాడికి

చిరంజీవి కిరణ్‌కు ఆశీస్సులు.

కొత్త వాచీ రోజుకు ఎనిమిది సెకన్లు ముందుకు పోతోందని బెంగపడుతున్నావట. రోజుకు 86,400 సెకన్లు. అందులో ఎనిమిదంటే పదివేలలో ఒక వంతు కూడా లేదు. స్విట్జర్లాండులో కచ్చితంగా నడిచే వాచీలకు క్రోనోమీటర్ సర్టిఫికెట్ ఇచ్చే కాస్క్ సంస్థే సగటున రోజుకు 4 సెకన్లు వెనక్కి, 6 సెకన్లు ముందుకు దాకా ఒప్పుకుంటుంది. ఆ సర్టిఫికెట్ లేని మామూలు మిషన్‌కి ఎనిమిది మంచి లెక్కే. ఎనిమిది ఉన్నట్టుండి ముప్పై అయిందనుకో, అప్పుడు పట్టించుకో. వాచీకి జబ్బు చేస్తే ముందుగా తెలిసేది ఆ మార్పులోనే.

అందుకే ఒక పది రోజులు లెక్క రాయి. రోజూ ఒకే వేళకు ఫోన్‌లో టైము చూసి ఎన్ని సెకన్ల తేడా ఉందో వేసుకో. రాత్రి వాచీని ఎలా పెట్టావో కూడా పక్కన రాయి: డయల్ పైకా, కీ (వాచీ పక్కనున్న బుడిపె) పైకా, కీ కిందకా. పడుకోబెట్టినప్పుడు, అటూ ఇటూ ఊగుతూ టైము నడిపే బ్యాలెన్స్ చక్రం ఇరుసు మొన మీద తిరుగుతుంది, రాపిడి తక్కువ. నిలబెడితే ఇరుసు పక్కభాగం దాన్ని పట్టి ఉంచే చిన్న రాయికి ఆనుకుని తిరుగుతుంది, రాపిడి పెరిగి ఊపు తగ్గుతుంది. కాబట్టి ఒక్కో భంగిమలో ఒక్కో తేడా వస్తుంది. పగలు ఆరు సెకన్లు ముందుకు పోయే వాచీ రాత్రి కీ పైకి పెడితే నాలుగు వెనక్కి వస్తుందని తెలిసిందనుకో, వెనక మూత తెరిపించకుండానే సగం సర్దుబాటు నీ చేతిలో ఉన్నట్టే.

కీ సంగతి. పొద్దున్నే, రోజూ ఒకే వేళకు ఇవ్వు. మొదటి ఇరవై నాలుగు గంటలు స్ప్రింగు బిగువు బాగుంటుంది, నడక నిలకడగా ఉంటుంది. చాలా వాచీలు నలభై గంటల దాకా నడుస్తాయి గానీ చివరి గంటల్లో టైము నమ్మదగ్గది కాదు. వాచీ చేతికి ఉండగా కీ ఇవ్వకు. బుడిపెను పక్కకు లాగి తిప్పక తప్పదు, ఆ బరువంతా సన్నటి కాడ మీద పడుతుంది. చేత్తో కీ ఇచ్చే రకమైతే, పూర్తిగా ఆగినప్పుడు సుమారు ముప్పై నలభై చుట్లు పడతాయి. చివర్లో వేలికి గట్టిగా అడ్డం తగులుతుంది, అక్కడితో ఆపు. చేయి కదలికతో తానే కీ ఇచ్చుకునే ఆటోమేటిక్‌లో ఆ అడ్డం ఉండదు. స్ప్రింగు నిండాక దాని చివర అది ఉండే డబ్బా గోడ మీద జారుతుంది కాబట్టి ఎక్కువై తెగుతుందన్న భయం అక్కర్లేదు. ఆగిపోయిన ఆటోమేటిక్‌కి ఇరవై ముప్పై చుట్లు ఇచ్చి కట్టుకో, మిగతాది లోపల తిరిగే బరువు, అదే రోటరు, చూసుకుంటుంది. రోజూ కీతోనే నింపితే లోపలి చిన్న పళ్ళచక్రాలు అనవసరంగా అరుగుతాయి. సీకో 7ఎస్26 లాంటి కొన్నింటిలో కీతో చుట్టే ఏర్పాటే లేదు, వాటిని మెల్లగా అటూ ఇటూ ఊపి నడిపించుకోవాలి.

తేదీ మార్చేటప్పుడే ఎక్కువమంది మిషన్ పాడుచేసుకుంటారు. రాత్రి తొమ్మిది నుంచి తెల్లవారుజాము మూడు దాకా తేదీ చక్రానికి పన్ను పట్టుకుని ఉంటుంది. అప్పుడు కీతో తేదీ మారిస్తే ఆ పన్ను విరగొచ్చు. ఆగిన వాచీలో ఉన్నది పగటి పన్నెండో రాత్రి పన్నెండో తెలియదు కదా. ముళ్ళను ముందుకు తిప్పుతూ పో, తేదీ మారిందంటే అది అర్ధరాత్రి. అక్కణ్ణుంచి ఆరు దాకా తిప్పి, తేదీని నిన్నటి దగ్గర పెట్టి, మళ్ళీ ముందుకు తిప్పుతూ ఇవాళ్టికి తెచ్చి టైము కలుపు.

కీ మరబిగింపు రకమైతే ముందు మెత్తగా లోపలికి నొక్కి ఎడమవైపు తిప్పు. మర అంచు జారి చిన్న ‘టిక్’ వేలికి తెలుస్తుంది. అప్పుడు కుడివైపు బిగించు. అర చుట్టుకే గట్టిపడిందా, మర అడ్డంగా ఎక్కింది. బలవంతం చేయకుండా విప్పి మళ్ళీ మొదలుపెట్టు.

ఉన్నట్టుండి రోజుకు నిమిషాల కొద్దీ ముందుకు పోతుంటే మొదట అయస్కాంతాన్ని అనుమానించు. ట్యాబ్ కవర్లు, స్పీకర్లు, బ్యాగు బటన్లు, ఇవే దొంగలు. బ్యాలెన్స్ చక్రాన్ని ఊపే సన్నటి హెయిర్‌స్ప్రింగు చుట్లు ఒకదానికొకటి అంటుకుంటే స్ప్రింగు పొట్టిదైనట్టే, చక్రం త్వరత్వరగా ఊగుతుంది. దిక్సూచి దగ్గర పెట్టి చూడు, దాని ముల్లు వాచీ వైపు గట్టిగా తిరిగితే అదే. డీమాగ్నెటైజర్ (అయస్కాంతత్వం పోగొట్టేది) చవకైన పరికరమే. వాచీని దాని మీద ఉంచి, బటన్ నొక్కిపట్టుకుని, మెల్లగా మూరెడు దూరం లాగి, అప్పుడే బటన్ వదులు. దగ్గరుండగా వదిలితే మళ్ళీ పట్టుకుంటుంది. దెబ్బ తగిలాక ముందుకు పోతుంటే మాత్రం ఇది పనిచేయదు, హెయిర్‌స్ప్రింగు చుట్లు చిక్కుపడి ఉంటాయి, మెకానిక్ చూడాలి. ఇంకొకటి: సెకన్ల ముల్లు సరిగ్గానే తిరుగుతూ, నిమిషాల ముల్లు మాత్రం వెనకబడుతుంటే నిమిషాల ముల్లును తిప్పే చిన్న గొట్టం, అదే కానన్ పినియన్, వదులైందని అర్థం. చిన్న పనే, కానీ అది తెలియని చోట మొత్తం వాచీ విప్పేస్తారు.

నీళ్ళ విషయంలో డయల్ మీది అంకెను నమ్మి ఈదకు. 30 మీటర్లంటే చేతులు కడుక్కునేటప్పటి తుంపర వరకే, ఈతకు 100 కావాలి. అదీ గాస్కెట్లు, అంటే నీళ్ళు లోపలికి రాకుండా ఆపే రబ్బరు వలయాలు, కొత్తగా ఉన్నప్పుడు. రబ్బరు ఏళ్ళు గడిచేకొద్దీ గట్టిపడుతుంది, వేడినీళ్ళూ ఆవిరీ ఇంకా తొందర చేస్తాయి. ఈదేవాడివైతే ఏడాదికోసారి ప్రెషర్ టెస్ట్ చేయించు. అద్దం లోపల ఆవిరి కనిపించిన రోజే తీసుకెళ్ళు. ఎండలో పెట్టి ఆరబెడితే పైకి ఆవిరి పోతుంది, కీ కాడ దగ్గర తుప్పు మొదలవుతుంది.

తోలు పట్టీని రోజు మార్చి రోజు కట్టు, చెమట ఆరనివ్వు. పట్టీని పట్టుకునే స్ప్రింగు కడ్డీలు ఏడాదికోసారి మార్చు, వాచీ నేల మీద పడేది ఎక్కువగా వాటి వల్లే.

సర్వీసింగ్ నాలుగైదేళ్ళకోసారి చాలు. అంతకు ముందే నీ లెక్కలో తేడా పెరిగినా, నలభై గంటలు నడిచేది ఇరవై ఐదుకే ఆగినా, ఆయిల్ ఎండిపోయినట్టు. విప్పకుండా ‘ఆయిల్ వేశాం’ అంటే ఒప్పుకోకు. పాత మురికిలో కొత్త ఆయిల్ కలిస్తే ఇరుసుల్ని అరగదీసే ముద్దవుతుంది. మొత్తం విప్పి, కడిగి, ఆయిల్ వేసి, గాస్కెట్లు మార్చాలి. తీసుకునేటప్పుడు టైమింగ్ మెషిన్ రీడింగ్ అడుగు: పూర్తిగా కీ ఇచ్చి, డయల్ పైకి పెట్టినప్పుడు ఆంప్లిట్యూడ్ (బ్యాలెన్స్ చక్రం ఎంత దూరం ఊగుతుందో) 270 నుంచి 310 డిగ్రీల మధ్య, బీట్ ఎర్రర్ (అటు ఊపుకీ ఇటు ఊపుకీ మధ్య తేడా) 0.8 మిల్లీసెకన్లలోపు ఉంటే పని బాగా జరిగినట్టు. మార్చిన పాత భాగాలు అడిగి తెచ్చుకో. కేసుకు పాలిష్ పెడతామంటే వద్దను. గీతలు పోతాయి సరే, వాటితోపాటు అంచుల పదును కూడా పోతుంది, అది తిరిగి రాదు.

ఆశీస్సులతో,
పెదనాన్న