సమాధానం: సిమెంటు వాకిట్లో ముగ్గు గీత తెగిపోతుంటే

తిరుపతిలో అద్దింటి సిమెంటు వాకిట్లో ధనుర్మాసం ముగ్గు వేస్తుంటే గీత మధ్యమధ్యలో తెగుతోందనీ, ఎండెక్కేసరికి చెదిరిపోతోందనీ అడిగారు కదా. తప్పు చేతిది కాదు, తడిది.

మట్టి నీళ్లు పీల్చేసుకుంటుంది, సిమెంటు అంతగా పీల్చదు. బకెట్టుతో కుమ్మరించకండి. ఊడ్చి, చెంబుతో చిలకరించి, చీపురుతో ఒకసారి లాగేయండి. నేల మీద నీటి మెరుపు పోయి, రంగు మాత్రం ముదురుగా ఉన్నప్పుడే మొదలుపెట్టాలి. మెరుపుండగా వేస్తే పిండి ముద్దకడుతుంది. పూర్తిగా ఆరాక వేస్తే పట్టు ఉండదు, స్కూటర్ గాలికే లేచిపోతుంది.

పిండి: నాలుగు గుప్పెళ్ల రాతి ముగ్గుపిండికి ఒక గుప్పెడు బియ్యప్పిండి చాలు. అంతకు మించితే వేళ్లకు అతుక్కుని గీత తెగుతుంది. (చీమలకు విందు పెట్టాలంటే ఆ గుప్పెడు చాల్లెండి!) మంచుకు పిండి చెమ్మగిల్లుతుంది కాబట్టి ముందురోజు ఎండబెట్టి జల్లించండి.

బొటనవేలు, చూపుడువేలు మధ్య పిండి పట్టి, నేలకు అంగుళం ఎత్తులో చెయ్యి ఆపకుండా లాగండి. ఎత్తు పెరిగితే గీత పలచబడి వెడల్పవుతుంది.

15 చుక్కల ముగ్గుకి తొందరపడొద్దు. సందు చుక్కలతో (ఒక వరుసలోని రెండు చుక్కల సందుకి ఎదురుగా పక్క వరుస చుక్క వచ్చేలా) 7 నుంచి 4 వరకు వేయండి: మధ్య వరుసలో 7, పైకీ కిందికీ 6, 5, 4. రంగులు మాత్రం నేల బాగా ఆరాకే.