మరి ఇవాళ ఏం జరిగింది?

చిట్టితల్లి స్వాతికి,
పెద్దమ్మ ఆశీస్సులు.

నీ వీడియో కోసం రాసి పంపిన స్క్రిప్టు రాత్రి పడుకునే ముందు ఒకసారి, పొద్దున కాఫీ తాగుతూ ఇంకోసారి చదివాను. 'ది ఎక్స్ ఫైల్స్' అనే ఆ అమెరికా సీరియల్ మొదటి తొమ్మిది సీజన్లూ రెండు నెలల్లో అవగొట్టావంటే నీ ఓపికకి దణ్ణం పెట్టాలే. నాకు తొమ్మిదేళ్లు పట్టింది, 1993 సెప్టెంబరు నుంచి 2002 మే దాకా. నీ స్క్రిప్టు తడబడింది సరిగ్గా ఆ తేడా దగ్గరే.

"చివరి ఎపిసోడ్ ఉత్త మోసం, పాత సీన్లు అతికించి మన మొహాన కొట్టారు" అని ఎత్తుకున్నావు. వీడియోకి మంచి ఎత్తుగడే, వినేవాడి వేలు ఆగుతుంది. కానీ తర్వాత "ఒక్క కొత్త సీను కూడా లేదు" అన్నావు చూడు, అది ముందు కొట్టెయ్. అది అబద్ధం. ఆ సీరియల్ని ప్రాణంగా చూసినవాడు ఒక్కడు ఆ ముక్క పట్టుకున్నాడంటే, నువ్వు చెప్పిన మిగతా పది నిజాలూ గంగలో కలిసినట్టే.

నా సంగతి చెబుతా విను. 2002 మే 19, ఆదివారం రాత్రి. తొమ్మిదో సీజన్ చివరిది, 'ది ట్రూత్' వచ్చింది, రెండు గంటల ఎపిసోడ్. అప్పుడు మీ అమ్మమ్మ అమెరికాలో మా ఎడిసన్ ఇంట్లోనే ఉంది. మే నెలలో కూడా స్వెట్టరు విప్పకుండా సోఫా మూల కూర్చుని, ఒళ్లో పళ్లెం పెట్టుకుని చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తోంది. ఇంగ్లీషు రాదుగా, బొమ్మ మాత్రం చూస్తోంది. తెర మీద మల్డర్‌ని, అదే గ్రహాంతరవాసుల గుట్టు కోసం వెతికే ఎఫ్‌బీఐ హీరోని, మిలిటరీ విచారణలో నిలబెట్టారు. నోల్ రోరర్ అనేవాణ్ణి చంపాడని నేరం. వాడేమో చావు లేని రకం సైనికుడు. అతని పాత బాసు స్కిన్నర్ వకీలు పని చేస్తున్నాడు. అతని జోడీ స్కల్లీ, తర్వాత పాత ఎపిసోడ్లలోని స్పెండర్, మరీటా, గిబ్సన్ ఒక్కొక్కరే వచ్చి సాక్షి కుర్చీలో కూర్చోవడం, నోరు విప్పగానే పాత సీన్లు రావడం. ఇలా ఓ అరగంట నడిచాక అమ్మ తలెత్తింది.

"ఏమే, ఈ అబ్బాయి కాసేపు కుర్రాడిలా ఉంటాడు, కాసేపు పెద్దాడిలా ఉంటాడు. ఇదంతా ఇదివరకు అయిపోయిందేనా?"

"అవునమ్మా."

"మరి ఇవాళ ఏం జరిగింది?"

నాకు జవాబు దొరకలేదు. నిజంగానే చిరాకేసి టీవీ సౌండు పెంచాను. ఆ ప్రశ్న మాత్రం ఇన్నేళ్లయినా నన్ను వదల్లేదు. ఇలాంటి ఎపిసోడ్ ఏది చూసినా ముందు అదే అడుగుతాను. నిన్నూ అడగమంటున్నాను.

ఓ నోటుపుస్తకం తీసుకుని మళ్లీ చూడు. పాత సీను వచ్చినప్పుడల్లా పెన్ను పక్కన పెట్టు, కొత్తది వచ్చినప్పుడే రాయి. ఏమేం వస్తాయో చెప్పనా? మల్డర్ మౌంట్ వెదర్ అనే ప్రభుత్వ రహస్య స్థావరంలోకి దొంగతనంగా దూరతాడు. గ్రహాంతరవాసులు దిగే తేదీ 2012 డిసెంబరు 22 అని అక్కడ చూస్తాడు. ఆ సంగతి స్కల్లీకి కూడా చెప్పకుండా కడుపులో దాచుకుంటాడు. మరణశిక్ష పడుతుంది. జైలు నుంచి తప్పిస్తారు. న్యూ మెక్సికో కొండల్లో ఆ సిగరెట్ల ముసలాడు, సీరియల్‌కి అసలు విలన్, ఇంకా బతికే ఉంటాడు. ఆఖరికి రాస్‌వెల్‌లో మోటెల్ గది. రెండు గంటలకి ఇది తక్కువేమీ కాదు. అమ్మకి ఆ రోజు నేను చెప్పి ఉండాల్సింది ఇదే.

అయితే దెబ్బ ఎక్కడ కొట్టాలి? ఇదీ ఆ నోటుపుస్తకంలోనే దొరుకుతుంది. ఆ శవం రోరర్‌ది కానే కాదని స్కల్లీ స్వయంగా పరీక్ష చేసి వచ్చి చెబితే, అనుమతి లేకుండా చేశావు కాబట్టి చెల్లదు పొమ్మన్నారు. అంటే తీర్పు ముందే రాసిపెట్టుకున్నారు. సాక్షులు ఎంత చెప్పినా, ఎన్ని పాత సీన్లు వేసినా కథ అంగుళం కదల్లేదు. పాత సీన్లు వాడటం తప్పు కాదమ్మా, వాటివల్ల ఏమీ మారకపోవడం తప్పు. "నిజమంతా విడమరిచి చెప్పినా వినేవాడు లేడు, అదే కదా వాళ్లు చెప్పదలుచుకున్నది" అని ఎవరైనా వాదించొచ్చు. మంచి వాదనే, నీ వీడియోలో దానికీ కాస్త చోటివ్వు. నా పేచీ వేరే. ఆ గదిలో అదంతా కూర్చుని విని, మనసు మార్చుకున్నవాడు ఒక్కడున్నాడు. విచారణ నడుపుతూ పై కుర్చీలో ఉన్న ఎఫ్‌బీఐ పెద్ద కెర్ష్. ఆఖర్న మల్డర్‌ని తప్పించడానికి అతనూ చెయ్యి వేశాడు. అతని మనసు ఏ సాక్ష్యం దగ్గర కరిగిందో మాత్రం చూపించలేదు. నన్నడిగితే ఆ ఎపిసోడ్ అక్కడ చెయ్యిజారింది.

ఇలాంటివి ఎందుకు తీస్తారో కూడా నాలుగు ముక్కలు చెప్పు, లేకపోతే విడ్డూరంగా ఉంటుంది. డబ్బు, టైము, అంతే. 1989లో 'స్టార్ ట్రెక్: ద నెక్స్ట్ జనరేషన్' రెండో సీజన్ ఆఖర్న 'షేడ్స్ ఆఫ్ గ్రే' అని ఒకటి వేశారు. అంతకుముందు ఏడాది రచయితల సమ్మె వచ్చి సీజన్ కుదించుకుపోయింది, ఉన్న బడ్జెట్టేమో దాటిపోయింది. మూడు రోజుల్లో తీసేశారు. అంతరిక్ష నౌకలో అధికారి రైకర్‌కి ముల్లు గుచ్చుకుంటుంది, మంచం మీద పడుకోబెట్టి డాక్టరమ్మ అతని జ్ఞాపకాలు తిరగేయిస్తుంది. ఇవాళ ఏం జరిగిందంటే, రైకర్ పడుకున్నాడు. దాన్ని తీసిన రాబ్ బోమన్ తర్వాత 'ఎక్స్ ఫైల్స్'కి ఎన్నో ఎపిసోడ్లు తీసి, 1998లో వాళ్ల సినిమా కూడా తీశాడు. చేతనైన మనిషి చేతికే మూడు రోజులూ పాత రీళ్లూ ఇస్తే ఏమవుతుందో చూశావుగా. కారణం తెలిస్తే జాలి కలుగుతుంది. మార్కులు మాత్రం వెయ్యక్కర్లేదు.

ఇక జనం ఏమన్నారన్నది. నీ స్క్రిప్టులో "ప్రేక్షకులంతా తిట్టిపోశారు" అని ఉంది. ఏ ప్రేక్షకులు? సోమవారం మా ఆఫీసులో ఇద్దరితో మాట్లాడాను. ఒకాయన మొదటి వారం నుంచీ చూస్తున్నవాడు. "నాకు తెలిసిందే నాకు చెప్పారు" అని మండిపడ్డాడు. ఇంకో అమ్మాయి ఏడో సీజన్‌లో ఎక్కింది. "ఇన్నాళ్లకి ఎవరెవరో అర్థమైంది" అని సంబరపడింది. ఇద్దరి మాటా నిజమే. అందుకని ఎవరి అభిప్రాయం తీసుకున్నా, ఎప్పట్నుంచి చూస్తున్నారు, వారానికొకటి చూశారా గుక్కతిప్పుకోకుండా చూశారా అని ముందు అడుగు. ఆ జవాబు లేని అభిప్రాయాన్ని నేనైతే లెక్కలోకి తీసుకోను.

నీ సంగతే చూడు. మల్డర్ దగ్గరికి, ఒకప్పుడు అతనికి రహస్యాలు చేరవేసిన 'ఎక్స్' దెయ్యంలా వచ్చి నిలబడగానే నేను "వీడు చచ్చి ఆరేళ్లయిందే!" అని పైకే అనేశాను. నాలుగో సీజన్ మొదట్లో పోయాడు కదా. నీ లెక్కలో వాడు పోయి ఐదు వారాలయి ఉంటుంది. నీకు ఉలికిపాటు ఎక్కణ్ణుంచి వస్తుంది? మాకప్పుడు పాత ఎపిసోడ్ చూడాలంటే మళ్లీ ఎప్పుడు వేస్తారా అని కాచుక్కూచోవాలి, లేదా క్యాసెట్టు మీద రికార్డు చేసుకోవాలి. మీ అమ్మమ్మ తన తెలుగు సీరియల్స్‌లో 'జరిగిన కథ' వస్తే ఏనాడూ విసుక్కోలేదు, కరెంటు పోయిన రోజుది అందులో దొరుకుతుందని. అదే చెంపదెబ్బ మూడు వైపుల నుంచి మూడుసార్లు చూపిస్తే మాత్రం తిట్టేది. ఆవిడకి తెలిసిన ఈ తేడా నీ స్క్రిప్టుకి తెలియలేదు.

వీలుంటే దీని పక్కన 'సూపర్‌నేచురల్' ఎనిమిదో సీజన్‌లోది పెట్టు, 2013 మేలో వచ్చింది. దాని పేరే 'క్లిప్ షో', పాత సీన్లు అతికించిన ఎపిసోడ్‌ని ఇంగ్లీషులో అలాగే అంటారు. పేరు చూసి పాత సీన్ల కోసం వెతక్కు. దెయ్యాల్ని వేటాడే అన్నదమ్ములు శామ్, డీన్ ఒకప్పుడు కాపాడినవాళ్లని ఏరి ఏరి చంపిస్తుంటాడు నరకానికి రాజు క్రౌలీ. మొదటి సీజన్‌లో కనిపించిన శారా గుర్తుందా? ఆమెకి ఫలానా గంటకి చావు అని టైము పెడతాడు. శామ్, డీన్ ఆ గదంతా పీకి పందిరేసి చేతబడి మూట కోసం వెతుకుతారు. అదేమో టెలిఫోను లోపల ఉంటుంది. దొరికేసరికి ఆలస్యమైపోతుంది. నాకు ఒళ్లు మండింది. ఏడేళ్ల తర్వాత ఆ పిల్లని తీసుకొచ్చింది ఇందుకా అని. ఇప్పటికీ మండుతుంది. కానీ అమ్మ అడిగిన ప్రశ్నకి అక్కడ జవాబుంది.

స్క్రిప్టు తిరగరాసే ముందు ఇంకొక్క పని చెయ్యి. మొట్టమొదటి ఎపిసోడ్‌లో ఆరెగన్ మోటెల్ గది సీను చూడు. బయట వాన, మల్డర్ తన చెల్లెలు మాయమైన సంగతి స్కల్లీకి చెబుతుంటాడు. వెంటనే 'ది ట్రూత్' ఆఖర్న రాస్‌వెల్ గది చూడు. అక్కడా వానే. వాళ్లిద్దరూ ఆ మొదటి గదిని మాటల్లో తలుచుకుంటారు. "ఉత్త మోసం" ఉంచాలో తియ్యాలో ఆ తర్వాత నువ్వే చూసుకో.

అన్నట్టు రెండుచోట్ల స్కిన్నర్‌ని స్పెండర్ అని రాశావు, దిద్దుకో. అమ్మమ్మ ప్రశ్న వీడియోలో వాడుకుంటే ఆవిడదేనని చెప్పు. గుడివాడలో పక్కింటి పిల్లాడి చేత నీ వీడియోలన్నీ పెట్టించుకుని చూస్తోందట.

మీ పెద్దమ్మ