కొత్త సింగిల్ సీటర్ (ఒక్క సీటు రేసు కారు) ఎడమకు లాగుతోందా?

స్టీరింగును చక్రాలకు కలిపే టై రాడ్లది తప్పు కాదు, కొలతదే. విజయనగరం గ్రౌండులో మూడుసార్లు టో (చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) సరిచేసినా ఎడమకే లాగుతోందన్నారు కదా, జాకీ దించిన వెంటనే కొలిచేస్తున్నట్టున్నారు. అప్పుడు టైర్లు నేలను పట్టేసి, సస్పెన్షన్ పూర్తిగా దిగదు.

1. కుడి, ఎడమ టైర్లలో గాలి సమానంగా ఉండాలి.

2. సీట్లో డ్రైవరంత బరువు పెట్టండి. 75 కిలోలైతే 25 కిలోల బియ్యం బస్తాలు మూడు.

3. అందరూ వదిలేసేది ఇదే: కారును పదడుగులు ముందుకు నెట్టి, ముక్కు దగ్గర రెండుసార్లు నొక్కి వదలండి. రాడ్ తిప్పిన ప్రతిసారీ మళ్లీ నెట్టాల్సిందే. శ్రీకాకుళంలో మా బండికి రెండు రోజులు ఇక్కడే పోయాయి.

4. స్టీరింగ్ తిన్నగా కట్టేసి, కారు మధ్యగీతకు సమాంతరంగా రెండు పక్కలా గాలపు తీగ లాగి, తీగ నుంచి రిమ్ ముందంచుకు, వెనకంచుకు ఉన్న దూరాలు కొలవండి. వాటి తేడానే టో.

రాడ్లు కదలకుండా పట్టే లాక్ నట్లు బిగించాక ఇంకోసారి కొలవండి. అప్పటికీ లాగితే ఎడమ చక్రం లేపి చేత్తో తిప్పండి, బ్రేక్ పట్టేస్తోందేమో తెలిసిపోతుంది.