పాప నిద్ర మానలేదు, వేళ మార్చింది

ప్రశ్న: మా పాపకు 2 ఏళ్ల 3 నెలలు. మూడు వారాల నుంచి మధ్యాహ్నం పడుకోవడం లేదు. ఉదయం 8:30కి లేస్తుంది. 12 గంటలకు తినిపించి పక్కన పడుకోబెట్టుకుంటే గంటన్నర సేపు యుద్ధమే. నేను నిద్ర నటిస్తే వేలితో నా కనురెప్ప పైకెత్తి ‘అమ్మా, ఉన్నావా?’ అని చూస్తుంది. చివరికి విసిగి వదిలేస్తాను. సాయంత్రం 5 గంటలకు ఆడుతూ ఆడుతూ సోఫాలో ఒరిగిపోతుంది. 6:30కి లేచి, మళ్లీ రాత్రి 11 అయితే గాని కన్ను మూయదు. ఇంటి నుంచే ఉద్యోగం చేస్తున్నాను. ఆ మధ్యాహ్నం గంటే నాకు ఆధారం. ఆదివారం మా వారు పక్కన పడుకుంటే మాత్రం పది నిమిషాల్లో నిద్రపోతుంది. ‘పిల్లను పడుకోబెట్టడం నీకు చేతకాదు’ అంటారు మా అత్తగారు. మొన్న కోపం పట్టలేక పాప భుజాలు పట్టుకుని ఊపేశాను. బిక్కచచ్చిపోయింది. తర్వాత నేను స్నానాల గదిలో కూర్చుని ఏడ్చాను. ఏం చేయాలి?
– ఒక తల్లి

జవాబు: మీరు చివర్లో రాసిన దానితోనే మొదలుపెడతాను. ఆ వాక్యం రాయడానికి మీకు ధైర్యం కావలసి వచ్చి ఉంటుంది. దాచకుండా రాశారు కాబట్టి నేనూ దాచకుండా చెబుతాను. చిన్నపిల్లలను ఊపడం చాలా ప్రమాదం. ఒంటితో పోలిస్తే వారి తల బరువు, మెడ కండరాలకు ఇంకా బలం ఉండదు. గట్టిగా ఊపితే పుర్రె లోపల మెదడు అటూ ఇటూ కొట్టుకుని రక్తనాళాలు చిట్లవచ్చు. నెలల పిల్లలకు ఈ ముప్పు మరీ ఎక్కువ, అలాగని రెండేళ్ల వారికి లేకపోలేదు. మొన్నటి నుంచి పాప మామూలుగానే తిని ఆడుతోందా? వాంతులు, విపరీతమైన మగత, నడకలో తూలడం, చూపు నిలవకపోవడం లాంటివి ఏ కొంచెం కనిపించినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లి, జరిగింది జరిగినట్టు డాక్టరుకు చెప్పండి. ఏమీ కనిపించకపోయినా ఒకసారి పిల్లల డాక్టరుకు చూపిస్తే మీ మనసు కుదుటపడుతుంది.

ఇకముందు చేతులు వణికేంత కోపం వచ్చిందంటే పాపను మంచం మీదో నేల మీదో భద్రంగా ఉంచి, గది బయటకు వచ్చేయండి. అయిదు నిమిషాలు ఏడుస్తుంది. ఏడిస్తే ఏమీ కాదు. మీరు చల్లటి నీళ్లతో ముఖం కడుక్కుని, ఊపిరి తిన్నగా ఆడాకే లోపలికి వెళ్లండి. ఆ రోజుకు పడక కార్యక్రమం అంతటితో సరి.

ఇక నిద్ర సంగతి. మీ ఉత్తరం రెండోసారి చదువుతూ కాగితం మీద చిన్న లెక్క వేశాను. రాత్రి 11 నుంచి ఉదయం 8:30 దాకా తొమ్మిదిన్నర గంటలు, సాయంత్రం సోఫాలో గంటన్నర, వెరసి 11 గంటలు. ఒకటి, రెండేళ్ల పిల్లలకు పగలూ రాత్రీ కలిపి 11 నుంచి 14 గంటల నిద్ర ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఇచ్చిన మార్గదర్శకాలు చెబుతున్నాయి. మీ పాప సరిగ్గా అడుగు గీత మీద నిలబడి ఉంది. పగటి నిద్ర మానలేదు. మధ్యాహ్నం నుంచి సాయంత్రానికి జరుపుకుంది, అంతే.

ఈ వయసులో పగటి నిద్రను నిజంగా వదిలేసే పిల్లలు అరుదు. రెండేళ్లు నిండకముందే పూర్తిగా మానేసేవారు నూటికి ముగ్గురు కూడా ఉండరు. ఎక్కువమంది మూడు నుంచి అయిదేళ్ల మధ్య మానతారు. అయితే రెండేళ్ల ప్రాంతంలో చాలామంది ఉన్నట్టుండి పడకకు ఎదురు తిరుగుతారు. మాటలు పొంగుకొస్తుంటాయి, ‘వద్దు’ అనే మాటకు ఎంత బలముందో అప్పుడే తెలుస్తుంది, అమ్మ కనబడకపోతే బెంగ. కనురెప్ప ఎత్తి ‘ఉన్నావా?’ అని అడగడం నాకు అల్లరిలా అనిపించలేదు. నిజంగానే అడుగుతోంది. ఈ పేచీ సాధారణంగా కొన్ని వారాల్లో సద్దుమణుగుతుంది. ఈలోపు వేళలు చెదిరిపోతే మాత్రం చెదిరిన వేళలే అలవాటవుతాయి. మీ ఇంట్లో జరిగింది ఇదేనని నా అనుమానం.

నిద్ర రావాలంటే ముందు మెలకువ పోగుపడాలి. మేలుకుని ఉన్నంతసేపూ మెదడులో అడినోసిన్ అనే పదార్థం పేరుకుంటుంది. అది తగినంత చేరితే కళ్లు బరువెక్కుతాయి. పగలు ఒక్కసారే పడుకునే రెండేళ్ల పిల్లకు ఇందుకు సుమారు అయిదారు గంటలు పడుతుంది. మీ పాప లేచిన మూడున్నర గంటలకే పక్క మీదికి వెళుతోంది. ఆకలి కాని పిల్ల నోట్లో ముద్ద కుక్కినట్టే ఇది. తీరా ఒకటిన్నర దాటి, నిజంగా నిద్ర ముంచుకొచ్చే సమయానికి మీరు ఓడిపోయి తలుపు తీసేస్తున్నారు. అక్కడి నుంచి పాప సోఫా ఎక్కి దూకుతూ మరీ రెచ్చిపోతుంటుంది, అవునా? అది హుషారు కాదు, అలసట. ఆ తర్వాత సాయంత్రం తీసే గంటన్నర కునుకు పోగైన నిద్రనంతా ఖర్చు చేసేస్తుంది. రాత్రి 11 దాకా మెలకువ అందుకే.

కాబట్టి మధ్యాహ్నం పేచీకి మందు ఉదయం ఉంది. రెండు రోజులకోసారి 15 నిమిషాల చొప్పున ముందుగా లేపండి. రెండు వారాల్లోపే 7 గంటలకు చేరుకుంటారు. లేవగానే కర్టెన్లు తీసి వెలుతురు రానివ్వండి, ఒంట్లోని గడియారానికి అదే కీ. ఉదయం లేచిన అయిదున్నర గంటలకు పగటి పడక. అంటే మొదట్లో మధ్యాహ్నం 1:45 కావచ్చు, చివరికి 12:30 దగ్గర కుదురుతుంది. గంటన్నర, మహా అయితే రెండు గంటలు పడుకోనివ్వండి. మూడున్నర దాటితే మాత్రం లేపేయండి. హాయిగా నిద్రపోతున్న పిల్లను లేపడానికి చేతులు రావు, తెలుసు. అయినా లేపండి. రాత్రి పడకను కూడా మెల్లగా 8:30 వైపు జరుపుతూ రండి.

ఈ రెండు వారాల్లో కొన్ని మధ్యాహ్నాలు ఎలాగూ బెడిసికొడతాయి. ఆ రోజుల్లో నాలుగున్నరకల్లా పాపను ఆరుబయటకు తీసుకెళ్లండి, సోఫా కంటికి కనిపించకూడదు. అప్పటికీ ఒరిగిపోతే 20 నిమిషాలకు లేపి, ఆ రాత్రి గంట ముందే పడుకోబెట్టండి. ఇంకో సంగతి. మధ్యాహ్నానికి కాస్త ముందు కారులోనో తోపుడు బండిలోనో పది నిమిషాలు కునికినా చాలు, అసలు నిద్ర చెడిపోతుంది. ఆ పది నిమిషాలను చాలామంది తల్లులు లెక్కలోకే తీసుకోరు.

ఇప్పుడు ఆదివారం మర్మం. మీ వారిలో మహిమేమీ లేదు. ఆయన పాపను నిద్రపుచ్చడానికి పడుకోరు, తాను నిద్రపోవడానికి పడుకుంటారు. బహుశా ఆయనే ముందు గురక పెడతారు. పక్కన ఆడుకోవడానికి ఎవరూ మిగలనప్పుడు పిల్ల మాత్రం ఏం చేస్తుంది? పైగా ఆదివారం కాబట్టి పడక కూడా మామూలు కంటే ఆలస్యమై ఉంటుంది, గమనించండి. మీరు మాత్రం కళ్లు మూసుకునే గడియారం చూస్తుంటారు. 12:20, 12:40, ఒంటిగంట, అవతల ఆఫీసు పని. మీ ఊపిరి వేగం, జోకొట్టే చేతిలో పెరిగే విసురు పాపకు తెలిసిపోతాయి. నాన్న దగ్గర పడుకుని మీ దగ్గర పేచీ పెట్టడం మీ అసమర్థతకు గుర్తు కాదు. ఎవరి దగ్గర ఏడిస్తే ప్రమాదం లేదో పిల్లలకు బాగా తెలుసు.

కనుక మీరు గెలవాల్సిన పందెం మార్చుకోండి. పిల్లను మంచం దగ్గరికి తేగలం, గది చీకటి చేయగలం, కానీ నిద్ర తెప్పించడం ఎవరి తరమూ కాదు. ‘ఆకలి రుచెరుగదు, నిద్ర సుఖమెరుగదు’ అన్నది పెద్దవాళ్ల సంగతి. రెండేళ్ల పిల్లకు పట్టుపక్క వేసినా పిచ్చుక అరిస్తే చాలు లేచి కూర్చుంటుంది. మీ చేతిలో ఉన్నది వేళ, గది, మీ నిబ్బరం. ఆ గంట విశ్రాంతి గంట. నిద్ర వస్తే సరే, రాకపోతే బొమ్మల పుస్తకాలు తిరగేస్తూ, బొమ్మతో కబుర్లు చెబుతూ గదిలో ఉంటుంది. మొదట పది నిమిషాలు, తర్వాత పావుగంట, అలా మెల్లగా 45 నిమిషాలకు పెంచండి. తెరలు మాత్రం వద్దు. ఫోను ఇచ్చి పడుకోబెట్టడం మొదలైతే రేపు ఫోను లేకుండా కన్ను మూయదు. గదిలో అలమరాలు గోడకు బిగించి ఉన్నాయో లేదో, కిటికీకి గడియ ఉందో లేదో మోకాళ్ల మీద కూర్చుని, పాప ఎత్తు నుంచి ఒకసారి చూసుకోండి.

పడకకు ముందు ఓ పావుగంట ప్రతిరోజూ ఒకే వరస: నీళ్లు తాగడం, డైపర్, కర్టెన్లు, అవే రెండు కథలు, అదే పాట. మీకు విసుగొస్తుంది, పాపకు రాదు. ‘పడుకుందామా?’ అని అడగకండి. ‘వద్దు’ తప్ప మరో జవాబు రాదు. ‘కుందేలును పక్కన పడుకోబెడదామా, ఎలుగును పడుకోబెడదామా?’ అని అడగండి. పడుకోవడం ఖాయం, పెత్తనం పాపది. ‘అల్లరి చేశావంటే గదిలో పడుకోబెడతాను’ అనే మాట ఇంట్లో ఎవరైనా వాడుతుంటే ఈ రోజే ఆపించండి. జైలని చెప్పిన చోటికి ఎవరు మాత్రం నవ్వుతూ వెళతారు?

మగత వస్తుందని దగ్గు, జలుబు సిరప్‌లు పట్టించమని ఎవరైనా సలహా ఇవ్వవచ్చు. డాక్టరు చెప్పకుండా అలాంటివేవీ వద్దు. పాప ఎక్కువ రాత్రులు గురక పెడుతున్నా, నిద్రలో ఊపిరి ఆగి ఉలిక్కిపడుతున్నా, కాళ్లు అదేపనిగా విదిలిస్తున్నా వైద్యుడికి చెప్పండి. కాళ్ల విషయంలో ఒక్కోసారి ఐరన్ లోపం బయటపడుతుంది. నాలుగైదు వారాలు ఈ వేళలు పాటించాక కూడా పగలు పడుకోకుండా, సాయంత్రం దాకా కులాసాగా ఉండి, రాత్రి తేలిగ్గా నిద్రపోతుంటే అప్పుడు ఆ అరుదైన పిల్లల్లో మీ పాప ఒకతె అనుకుందాం. రాత్రి పడకను గంట ముందుకు జరపండి, విశ్రాంతి గంటను మాత్రం వదలకండి.

మీ గురించి ఒక మాట. పాప నిద్రపోయాక కూడా మీకు నిద్ర పట్టకపోయినా, దాదాపు రోజూ ఏడుపో కోపమో తన్నుకొస్తున్నా, ఇష్టమైన పనుల మీద ఆసక్తి పోయినా మీ కోసం డాక్టరును కలవండి. మొన్న జరిగింది మీ వారికి చెప్పారా? ఉత్తరంలో ఆ ఊసు లేదు. చెప్పండి. అత్తగారి మాటకు జవాబివ్వాల్సిన పని లేదు గాని, వారంలో రెండు మధ్యాహ్నాలు ఆ గంట తీసుకుంటారేమో అడగండి. ఎత్తిపొడుపుగా కాదు, సాయంగానే.

వచ్చే ఆదివారం పాపను మీ వారికి అప్పగించి మీరు వేరే గదిలోకి వెళ్లండి. బట్టలు మడతపెట్టకండి, కంప్యూటర్ తెరవకండి. తలుపు వేసుకుని మీరు పడుకోండి. మీ కనురెప్ప ఎత్తి చూసేవాళ్లు ఆ గంట ఎవరూ ఉండరు.